రంగెక్కని స్లైడ్లు

కేన్సర్ ఆస్పత్రి లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికి లోపల పాథాలజీ డాక్టరు గోడకు చేరగిలబడి చచ్చి ఉన్నాడు. మెడ మీద సూది గాటు.

గంట తిరక్కుండా గూఢచారి సంస్థ చీఫ్ తన ఏజెంటును పిలిపించాడు. అండాశయపు గడ్డల్లో కొన్నింట ఒక ఎంజైమ్ ఉంటుందట. కొత్త కీమో మందును అది విరగ్గొట్టి పారేస్తుందట. అలాంటి గడ్డ ఉన్నామెకు ఆ మందు ఎక్కిస్తే గడ్డ నిక్షేపంగా ఉంటుంది, మనిషి పోతుంది. అందుకే ముందు గడ్డ ముక్కకు రంగు పెట్టి చూస్తారు. ఎంజైమ్ ఉంటే గోధుమ రంగు తేలుతుంది, లేకపోతే నీలంగా ఉండిపోతుంది. మందు అమ్మే విదేశీ ముఠా కాలుపెట్టాక ఇక్కడ ఒక్క గడ్డకూ గోధుమ రంగు తేలలేదు, అందరికీ ఆ మందే ఎక్కుతోంది.

"రుజువు కావాలి. లోపల మన మనిషుంది. వాళ్ళ జీతం తింటూ మనకి పనిచేస్తోంది," అన్నాడు చీఫ్.

ఏజెంటు గడియారం చూసుకున్నాడు. ఆ మధ్యాహ్నం అక్కడ ఆ మందు మొదటి సీసా ఎక్కించుకోబోతున్నది అతని అక్క.

మైక్రోస్కోపు మెకానిక్ వేషంలో ల్యాబ్‌కు వెళ్ళాడు. ముత్యాల దండ, చూపు తిప్పుకోనివ్వని ముఖం. ఆమే.

"లెన్స్‌కి దుమ్ము పట్టిందా?" అడిగాడు.

"దుమ్ము కాదు, బూజు."

కోడ్ కలిసింది. ఆమె స్లైడ్ల ట్రే ముందుకు తోసింది. అతను గడ్డ ముక్క వంక చూడలేదు. రంగు పనిచేస్తోందో లేదో తేల్చుకోడానికి ప్రతి స్లైడ్ అంచునా లివర్ ముక్క ఒకటి పెడతారు. లివర్ నిండా ఆ ఎంజైమే. గోధుమ రంగుకు తిరిగి తీరాలి. అదీ నీలంగానే ఉంది. రంగు సీసాలో ఎవరో నీళ్ళు కలిపారు.

కళ్ళజోడు అంచు నొక్కాడు. ఫోటో చీఫ్‌కు చేరిపోయింది.

"ఆ అంచు చూసినాయన పొద్దున లిఫ్టు దిగలేదు," అంది ఆమె మెల్లగా. చేతిలో లిప్‌స్టిక్, దాని కొసన సూది. రెండు జీతాల్లో ఆమె దేనికి కట్టుబడిందో తెలిసిపోయింది.

స్క్రూడ్రైవర్ పిడి నొక్కాడు. గ్యాస్ ఆమె ముఖాన కొట్టింది. ఆమె కూలబడింది.

వార్డులోకి దూసుకెళ్ళేసరికి మందు గొట్టంలో జారుతూ అక్క చేతికి బెత్తెడు దూరంలో ఉంది. గొట్టాన్ని మడిచి గుప్పిట బిగించాడు. నర్సు కేకలేసింది. చీఫ్ మనుషులు వచ్చేదాకా గుప్పిట విప్పలేదు.

సాయంత్రం మంచి రంగుతో మళ్ళీ పరీక్షించారు. అక్క గడ్డ ముదురు గోధుమ రంగు.

"కుర్చీలమ్ముకునేవాడివి, నీకెందుకురా ఈ డాక్టరీ?" అంది, తమ్ముడిది కుర్చీల వ్యాపారమనే నమ్మే అక్క.

ఈ గడ్డకు పనిచేసే మందు వేరే ఉందని, కాకపోతే దానికీ జుట్టు రాలుతుందని చెప్పాడు.

"రాలనీ. నీకు ఏ మందూ లేకుండానే రాల్లేదూ?"