దంతం తడిమే వేలు

మూడు రోజుల్లో రెండో శవం. పోర్ట్ విలా రేవులో తేలింది. మెడలో ఉండాల్సిన డిజిటల్ కీ లేదు.

"తుఫాను సహాయ నిధి మొత్తం ఆ డిజిటల్ ఖజానాలోనే ఉంది సిలాస్," అంది నిఘా విభాగం చీఫ్ లెయ్‌పకోవా. "అసలు టోకెన్లు అక్కడ బంధించి, వాటి పేరిట వేరే బ్లాక్‌చెయిన్ మీద నకళ్లు ఇచ్చాం. అసలు పోతే నకళ్లు ఉత్త చెత్త. మూడు కీలు కలిస్తేనే తెరుచుకుంటుంది. రెండు ముఠా చేతికి చిక్కాయి."

"మూడోది?"

"అంబయ్ దీవిలో గరాయె తాత దగ్గర. ఆయన బొటనవేలి ముద్రే ఆ కీ. ముఠాలో చొరబడ్డ మన సిమోన్ కూడా అక్కడికే వస్తుంది."

అంబయ్ సిలాస్ పుట్టిన దీవి. తుఫాను వెళ్లి నాలుగు నెలలైనా అతని తల్లి ఇంకా టార్పాలిన్ కిందే పడుకుంటోంది.

మధ్యాహ్నానికి కొబ్బరి బేరగాడి వేషంలో పడవ దిగాడు. తాత పందుల దొడ్డి దగ్గర నర్సు వేషంలో సిమోన్.

"కొబ్బరి తడిగా ఉందా?" అడిగాడు.

"ఎండ చాలలేదు."

కోడ్ సరిపోయింది. సిమోన్ టాబ్లెట్ తీసింది. "వాళ్ల రెండు కీలూ కొట్టేసి తెచ్చాను. వెనకే వస్తున్నారు, పది నిమిషాలే టైం. నిధిని కొత్త ఖజానాకి మార్చేద్దాం. ఇదిగో తాతా, ఆ కొత్త ఖజానా ఇచ్చిన నకళ్లు ఎన్నున్నాయో చూడు. నమ్మకమైనది. బొటనవేలు నొక్కు, చాలు."

తాత కదల్లేదు. "పందిని కట్టే తాడు చూపిస్తున్నావు అమ్మాయ్. పంది ఏదీ?"

"టైం లేదు తాతా!"

"ఇక్కడ పందే డబ్బు, దంతమే దాని విలువ. నోట్లో వేలు పెట్టి దంతం తడమందే మా తాత కూడా బాకీకి పందిని ఒప్పుకోలేదు. ఒరే సిలాసూ, నువ్వూ ఈ ఊళ్లోనే పుట్టావు కదరా. పట్నం నీళ్లు తాగి మర్చిపోయావా?"

సిలాస్‌కి చెంప మీద కొట్టినట్టయింది. చెవిలోని మైక్‌లో గొణిగాడు. "మేడమ్, కొత్త ఖజానా నకళ్ల వెనక అసలు ఉందా?"

గడియారంలో నాలుగు నిమిషాలు కరిగాయి.

"లేదు. ఖాళీ. ఎప్పుడూ లేదు!" చెవిలో చీఫ్ గొంతు.

సిమోన్ అతని మొహం చూసి గ్రహించింది. మందుల సంచిలోంచి పిస్తోలు తీసి తాత కణతకి ఆనించింది. రెండో చేత్తో ఆయన బొటనవేలు టాబ్లెట్ అద్దం మీదికి ఈడ్చింది.

సిలాస్ కొబ్బరి సంచిలోంచే కాల్చాడు.

వెంట్రుక వాసిలో వేలు ఆగింది. పందులు అరిచాయి. సిమోన్ బురదలో పడింది, మళ్లీ లేవలేదు. ఆమెతో మూడేళ్లు పనిచేశాడు సిలాస్. వంగి కళ్లు మూశాడు.

"ఈ మోసాన్ని ఏ పరికరంతో పట్టావు?" చెవిలో చీఫ్ అడిగింది. "రిపోర్ట్‌లో రాయాలి."

తాత అప్పటికే బెదిరిన పందిని నిమిరి, దాని నోట్లో వేలు పెట్టి తడుముతున్నాడు.

"చూపుడు వేలని రాయండి మేడమ్. బ్యాటరీ అక్కర్లేదు."