రెండో పోర్టు

ఇచ్చోడ దాటాక హైవే పక్కనుండే పత్తి మిల్లులో కెమెరాల కంప్యూటర్ చూసేది నేనే. ఆ సాయంత్రం వాన పట్టింది. మిల్లు మూతపడి ఉంది. అంతకు ముందు వారమే పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిషన్‌లో కొంగు చిక్కి కూలి పోశవ్వ చనిపోయింది. షెడ్డు నుంచి తడిసిన పత్తి వాసన, దాని కింద ఇంకేదో పుల్లటి వాసన.

మేనేజర్ భానుప్రసాద్ గది తలుపు వేసి మెల్లగా అన్నాడు.

"రికార్డింగ్ డిస్కు నేనే పీకి సుత్తెతో పలగ్గొట్టిన. కంప్యూటర్ల మాత్రం ఇంకా కనబడుతుంది. రేపు ఆఫీసర్లు వస్తరు. జర దాన్ని తీసెయ్యి సృజనా."

నాకు ఒళ్లు మండిపోయింది.

"తప్పు పోశవ్వదే అని రాయించిన్రు గదా సార్? మరి మీకెందుకు ఫికర్?"

"నీ పని నువ్వు చెయ్యి."

తెర మీద ఎస్‌డీబీ అని ఉంది. ఆ కంప్యూటర్ నడిచే లినక్స్‌లో డిస్కులకిచ్చే ఈ పేర్లకు నిలకడ లేదు. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు ముందు దొరికిన డిస్కు ఎస్‌డీఏ, తర్వాతిది ఎస్‌డీబీ. ఒకటి పీకేస్తే ఇంకోటి ఆ పేరు తీసుకుంటుంది. ఇంకో డిస్కుకు ఆ పేరు వచ్చుంటుందనుకున్నాను. ఎందుకైనా మంచిదని దాని దారి చూశాను. డిస్కు ఏ పోర్టుకు తగిలించి ఉందో చెప్పేది అదే. పేరు మారినా పోర్టు మారదు.

రెండో పోర్టు.

"మీరు పీకింది ఎక్కడిది?"

అతను పెట్టె మూత తీసి వేలితో చూపించాడు. రెండో పోర్టే. కేబుల్ లేదు. కాస్త దూది దుమ్ము... అంతే.

ఆపి మళ్లీ మొదలుపెట్టాను. ఎస్‌డీబీ. రెండో పోర్టు.

తెరిచాను. లోపల ఒకటే వీడియో. దాని సైజు... పెరుగుతోంది.

అప్పుడే షెడ్డులో మిషన్ తిరగడం వినిపించింది. పీకేసిన షెడ్డు ఫ్యూజులు మా ముందు బల్ల మీదే ఉన్నాయి.

"బంద్ చెయ్యి..." భానుప్రసాద్ తెరకు అడ్డం వచ్చాడు. "సూడకు..."

"చూస్త."

పోశవ్వ. కొంగు మిషన్ పళ్లలోకి పోతోంది. రెండు చేతులతో లాగుతోంది. "సారూ... ఆపుండ్రి... ఆపుండ్రి సారూ!" ఆమె భుజం వెనక భానుప్రసాద్. చెయ్యి స్విచ్ మీదే ఉంది. రెండో చేతిలో ఫోన్. "లోడు అయ్యేదాకా మిషన్ ఆగది సేటూ" అంటున్నాడు. ఆపలేదు.

"చెయ్యి దాని మీదనే పెట్టుకొని నిలబడ్డవా?" అరిచాను. సారూ లేదు, మర్యాదా లేదు. "మనిషివేనా నువ్వు?"

అతను తలుపు తీసుకుని వానలోకి పరుగెత్తాడు. మిషన్ చప్పుడు ఆగింది. వీడియో కాపీ చేసుకున్నాను. అది పూర్తవగానే ఎస్‌డీబీ తెర మీద నుంచి పోయింది.

పోశవ్వ భర్త హనుమండ్లును వెంటబెట్టుకుని ఆ కాపీ పోలీస్ స్టేషన్‌లో ఇచ్చాను. భానుప్రసాద్ ఇప్పుడు జైల్లో ఉన్నాడు. నా కోపం మాత్రం చల్లారలేదు.

నిన్న ఎస్సై మళ్లీ పిలిచాడు. "ఇది ఏ కెమెరాదమ్మా?"

షెడ్డు కెమెరాలన్నీ పైకప్పుకే ఉన్నాయి. ఇందులో పోశవ్వ ముఖం కిందినుంచి కనిపిస్తోంది. బొమ్మకు రెండు పక్కలా ఇనుప పళ్లు. మిషన్ నోట్లోంచి ఎవరో పైకి చూస్తున్నారు.

ఎస్సై సౌండు పెంచాడు. చివర్లో పోశవ్వ అరవడం మానేసింది. వంగి, నేరుగా అటే చూసింది... ఎవరినో గుర్తుపట్టినట్టు.

"నువ్వా సృజనా..." అంది. "నువ్వు గీడెట్లున్నవ్?"