పేరు ముందు డబ్బా

మే నెల మిట్టమధ్యాహ్నం కోడుమూరు వీధుల్లో తిరిగేది రెండే రకాల మనుషులు. ఇంట్లో పెళ్లి పెట్టుకున్నవాళ్లు, లేదంటే మతి చెడినవాళ్లు. కంబన్న మొదటి రకం. కూతురు శివజ్యోతి పెళ్లికార్డు చూసుకుందామని నెత్తిన తువ్వాలు కప్పుకుని శిరీన్ షాపుకొచ్చాడు. సాయంత్రంలోగా ఫైలు కర్నూలు ప్రెస్సుకు పంపాలి.

షాపు పేరు సాజియా గ్రాఫిక్స్. శిరీన్ కూతురు పేరే అది. ఆ పిల్ల పుట్టిన ఏడే షాపు తెరిచింది. బడికి సెలవులు కావడంతో సాజియా కర్టెన్ వెనక తుంగచాప మీద నిద్రపోతోంది. వడగాలి రాకుండా షట్టరు సగానికి దించారు. లోపల మసక చీకటి. తడిసిన కూలరు గడ్డి వాసన, దాంట్లో కలిసిన ఇంకు వాసన. కూలరు ముసలాయన దగ్గినట్టు దగ్గుతూ తిరుగుతోంది.

కంబన్న కంప్యూటర్ తెరకు ముఖం ఆనించి పేర్లన్నీ కూడబలుక్కుని చదివాడు. తన పేరు దగ్గర ఆగాడు.

“ఇదేంది శిరీనమ్మా, నా పేరు ముందర డబ్బా ఉండాది?”

నిజమే. చిన్న చతురస్రం. లోపల ఖాళీ. అక్షరానికి సరిపడే ఫాంటు దొరక్కపోతే కంప్యూటర్ అలా డబ్బా చూపిస్తుందని శిరీన్ చెప్పింది. ఈ పనిలో ఉన్నవాళ్లకు అది తలనొప్పే గానీ భయం కాదు. ఒక్క పెళ్లికార్డుకు పది ఫాంట్లు వాడాక ఏదో ఒకటి మొండికేయకుండా ఉంటుందా? ఆ డబ్బాను ఎంచుకుని ఫాంటు మార్చింది. పోలేదు. ఇంకోటి, మరోటి పెట్టి చూసింది. డబ్బా డబ్బాగానే ఉంది. జాబితాలో చిట్టచివర ఒక పాత ఫాంటు ఉంది. పాత కంప్యూటర్ కొన్నప్పుడు దాంతో వచ్చిందే. శిరీన్ దాన్ని ఎన్నడూ వాడలేదు. దాని మీద నొక్కింది.

డబ్బా విప్పుకుంది. కీ.శే. అని వచ్చింది.

కార్డుల్లో చనిపోయినవాళ్ల పేర్ల ముందు పెట్టే అక్షరాలవి. కంబన్న పకపకా నవ్వాడు. కూతురి పెళ్లి చూడకముందే పంపిస్తాండావే తల్లీ అన్నాడు. శిరీన్ కూడా నవ్వబోయింది. అంతలోనే వీరభద్ర గుర్తొచ్చాడు.

పోయిన నెల ఇంకో కార్డులో పెళ్లికూతురి మేనమామ వీరభద్ర పేరు ముందు కూడా డబ్బా వచ్చింది. అప్పుడు తీరిక లేక, దాని మీద ఒక పువ్వు బొమ్మ కప్పేసి పంపింది. డీటీపీవాళ్లందరూ చేసే పనే. కార్డులు పంచుతుండగానే వీరభద్ర ట్రాక్టర్ బోల్తాపడి పోయాడు. ఎద్దులాంటి మనిషి. అతని శ్రద్ధాంజలి ఫ్లెక్సీ చేసింది కూడా శిరీనే.

ఆ పాత ఫైలు తెరిచింది. పువ్వును మౌస్‌తో పక్కకు జరిపింది. కింద డబ్బా లేదు. కీ.శే. అని పొందికగా ఉంది. తను కొట్టలేదు. తను కొట్టనే లేదు...

కంబన్నకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. వీరభద్ర చావు ఊరంతటికీ తెలుసు. “తీసేయమ్మా” అన్నాడు మెల్లగా.

శిరీన్ డిలీట్ నొక్కింది. కంబన్న పేరు ముందు నుంచి డబ్బా పోయింది. పోయి, కింద అతని భార్య వెంకటేశ్వరమ్మ పేరు ముందు నిలబడింది.

కంబన్న ముఖం పాలిపోయింది. “మళ్లా నా మిందికే తిప్పు తల్లీ. నేను బతికింది సాలు.”

తిప్పాలని చూసింది. వెనక్కి తెచ్చే మీట ఎన్నిసార్లు నొక్కినా డబ్బా కదల్లేదు. కార్డంతా కొత్త ఫైలులో మళ్లీ కొట్టింది. వెంకటేశ్వరమ్మ పేరు కొట్టగానే దాని ముందు డబ్బా వచ్చి కూర్చుంది. ప్లగ్గు పీకేసింది. తెర నల్లబడింది. ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. మళ్లీ వేసి చూసేసరికి డబ్బా ఇంకో వరుస దిగి ఉంది.

చి.ల.సౌ. శివజ్యోతి... దాని ముందు.

కంబన్న రెండు చేతులూ జోడించాడు. శిరీన్ డిలీట్ నొక్కింది. పెళ్లికొడుకు పేరు ముందుకొచ్చింది. కట్టబోయే తాళి తెగినట్టే కదా అది. నొక్కింది. అట్టడుగున, “మా అత్త పెళ్లికి తప్పక రండి” అని పిల్లల పేరు మీద వేసే వరుస ఉంది. అందులో ఒకే పేరు. కంబన్న కొడుకు కొడుకు, ఆంజనేయ. ఇంకా మాటలు కూడా సరిగా రాని పిల్లాడు.

“పసిబిడ్డమ్మా...” అన్నాడు కంబన్న.

శిరీన్ కళ్లు మూసుకుని నొక్కింది. తెరిచింది. కార్డులో కంబన్న మనుషుల పేర్లన్నీ శుభ్రంగా ఉన్నాయి.

ఇక మిగిలింది ఒక్క గీత. ప్రతి కార్డు అంచునా చీమల్లాంటి అక్షరాలతో షాపువాళ్లు వేసుకునే గీత. ఏళ్లుగా అది తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. దాన్నెవరూ చదవరు, శిరీన్ కూడా చదవదు. ఇప్పుడు చదివింది.

డబ్బా... సాజియా గ్రాఫిక్స్, కోడుమూరు.

కంబన్న చూశాడు. చూసి, ముఖం షట్టరు వైపు తిప్పుకున్నాడు. అతని మీద శిరీన్‌కు కోపం రాలేదు. ఇంతసేపూ ఒక్కో బిడ్డనూ దాటించింది తన వేలే. ఏడుపు తన్నుకొస్తోంది, ఏడిస్తే పిల్ల లేస్తుందని పెదవి కొరికి పట్టుకుంది. యా అల్లా అనుకుంటూ ఆ గీత కింద ఇంకో గీత కొట్టింది. డిజైన్: శిరీన్. దిగేది ఎటూ దిగుతుంది కదా. దిగి తన దగ్గర ఆగితే చాలు. ఆ తర్వాత దాన్ని తను తాకదు.

డిలీట్ నొక్కింది.

సాజియా ముందు డబ్బా పోయింది. శిరీన్ తన పేరు వైపు చూసింది. రాలేదు. తెరకు దగ్గరగా వంగి చూసింది. రాలేదు. రా... నా దగ్గరికి రా... కార్డు మొదలు నుంచి చివరి దాకా వెతికింది. ఎక్కడా లేదు.

“పోయినట్టుండాది కదమ్మా” అన్నాడు కంబన్న గుసగుసగా. జవాబు కోసం ఆగకుండా షట్టరు కింద నుంచి వంగి ఎండలోకి వెళ్లిపోయాడు.

కూలరు దగ్గడం మానేసింది. ఎప్పుడు ఆగిందో శిరీన్‌కు తెలియదు. లేచి కర్టెన్ తీసింది. సాజియా గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. వీపు మెల్లగా లేస్తోంది, దిగుతోంది. శిరీన్‌కు ప్రాణం లేచొచ్చింది. చెమట తుడుద్దామని పిల్లను తన వైపు తిప్పుకుంది.

చెంప మీద చాప అచ్చు పడి ఉంది. తుంగచాపకు గీతలే ఉంటాయి, పక్కపక్కనే నిలువు గీతలు. ఆ గీతలకు ముందు, చెవి పక్కన, చిన్న చతురస్రం. లోపల ఖాళీ.

“ఏం చేస్తాండావమ్మీ?” అంది సాజియా నిద్రకళ్లతో.

“ఏం లేదు బేటా. చాప అచ్చు పడింది, తుడుస్తాండా.”

చాప అచ్చు లేచిన కాసేపటికే పోతుంది. గీతలు పోయాయి కూడా. శిరీన్ చున్నీ కొస నీళ్లలో ముంచి, ఆ చెంప మీద ఇంకా తుడుస్తూనే ఉంది.