మూత వేసేముందు

మా బస్సు డిపోలో నూట నలభై మంది డ్రైవర్లకి డ్యూటీ చార్టు వేసేవాణ్ణి నేను. ఎవరు ఎన్నింటికి బండెక్కాలి, ఎన్నింటికి దిగాలి, ఎవరికి ఏ రోజు సెలవు, అంతా నా చేతిలోనే ఉంటుంది. అందరికీ టైము పంచిపెట్టే నాకు మాత్రం వారానికి రెండు గంటలు దొరికి చావవు. ఆ రెండు గంటల కోసం పడ్డ యాతనే ఇది.

నాకున్న పిచ్చి ఒక్కటే, యుద్ధ ట్యాంకుల నమూనాలు కట్టడం. వాటిని బొమ్మలంటే నేనూరుకోను. అసలు ట్యాంకులో ముప్పై అయిదో వంతు సైజు, ప్రతి మేకూ ప్రతి గొలుసు పట్టీ ఉన్నది ఉన్నట్టు ఉండాలి. ముక్కలు కత్తిరించి, అంచులు గీకి, అతికించి, రంగు వేసి, ఆ రంగు మీద మళ్ళీ తుప్పూ బురదా వేస్తేగానీ ఒకటి పూర్తికాదు. కొత్త రంగు మీద బురద ఎందుకండీ పుయ్యడం అని మా ఆవిడ పెళ్ళైన కొత్తలో అడిగింది. ఇప్పుడు అడగడం కూడా మానేసింది.

వంటింటి పక్కన సామాన్ల గది ఉంది. కిటికీ లేదు. పాత పరుపులకీ ట్రంకు పెట్టెలకీ పోగా మిగిలిన జాగాలో నా బల్ల. ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నాకు అడ్డం రాకూడదని ఇంట్లో ఒప్పందం. ఒప్పందం పేరుకే. రెండుంబావుకి గ్యాసు అయిపోతుంది. రెండున్నరకి కుళాయి కారుతుంది. మూడింటికి డిపో నుంచి ఫోను. మధ్యలో మా చిట్టి, ఏడేళ్ళది, తలుపు సందులోంచి తల పెట్టి, "నాన్నా, చూడు, ఇంకా ఊగుతోంది," అంటుంది. పైవరసలో ముందు పన్ను. నెల రోజులుగా నాలికతో ఊపుకుంటూ తిరుగుతోంది. ఊడగానే ముందు నాకే చూపించాలని నేనే మాట తీసుకున్నాను. కానీ ఆ ఆదివారాల్లో మాత్రం తల ఎత్తకుండా, "ఐదు నిమిషాలమ్మా," అనేవాణ్ణి. నా ఐదు నిమిషాలు గంట అవుతాయని మా ఆవిడ గొడవ. నా గంట ఐదు నిమిషాలైనా ఉండదని నా గొడవ.

డిపోలో హెడ్ మెకానిక్‌గా చేసి రిటైరైన పెద్దాయనకీ ఇదే పిచ్చి. ఆయన పోయిన నెలకి వాళ్ళావిడ కబురు పెట్టింది. వెళ్ళాను. ఆయన గదిలో జిగురు వాసన, దాని కింద తలనొప్పి బామ్ వాసన. బల్ల మీద సగం కట్టిన ట్యాంకు. ఆ కిట్టు తయారీ ఆగిపోయి ఇరవై ఏళ్ళు. నేను పదేళ్ళుగా వెతుకుతున్నాను.

"తీసుకెళ్ళిపోండి బాబూ. ఇంట్లో ఉంచలేను," అందావిడ.

ఆ రోజు సంగతి తనే చెప్పింది. పొద్దున్న టిఫిను చేసి ఆయన గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నారు. ఒంటిగంటకి భోజనానికి పిలిస్తే ఐదు నిమిషాలన్నారు. రెండింటికి పిలిచినా అదే మాట. మూడింటికీ అదే. నాలుగింటికి తలుపు తీయించారు. డాక్టరొచ్చి చూసి, ప్రాణం పోయి ఆరు గంటలు దాటిందన్నాడు. చేతిలో పట్టకారు, పట్టకారు కొసన బొటనవేలంత డ్రైవరు బొమ్మ అలాగే ఉన్నాయట.

"మరి నాకు జవాబు చెప్పిందెవరు బాబూ?"

పెద్దావిడ, దుఃఖంలో ఉంది, టైము సరిగ్గా గుర్తుండి ఉండదు అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, అలా అనుకోవడం నాకు అనుకూలం. ఆ మాట పట్టించుకుంటే ట్యాంకు వదులుకోవాలిగా. పెట్టె చంకన పెట్టుకుని పండగలా ఇంటికొచ్చాను.

పెద్దాయన పనితనం చూసి సిగ్గేసింది. లోపల నలుగురు సైనికుల్ని కూర్చోబెట్టి, మొహాలకి రంగులు కూడా వేసేశారు. ఇక మిగిలింది డ్రైవరు ఒక్కడే. వాణ్ణి వాడి చోట అతికించి, పైన మూత అతికించాలి. మా పిచ్చివాళ్ళకి ఒక నియమం ఉంది. మూత వేసేముందు లోపలివాళ్ళని లెక్కపెట్టుకోవాలి. మా జిగురు మామూలు జిగురు కాదు. ప్లాస్టిక్‌ని కరిగించి రెండు ముక్కల్ని ఒక్కటి చేసేస్తుంది. ఒకసారి వేశాక మళ్ళీ విప్పడమంటే పగలగొట్టడమే.

మొదటి ఆదివారం. డ్రైవరు బూట్లకి నలుపు వేసి పళ్ళెంలో ఆరబెట్టాను. మూతకి జిగురు రాశాను. అప్పుడే డిపో ఫోను. ఒక డ్రైవరు రాలేదట, ఎవర్ని పంపమంటారని. ఫోను భుజానికి తలకీ మధ్య ఇరికించుకుని, అవతలివాణ్ణి తిడుతూ, మూత నొక్కేశాను. గట్టిగా. రబ్బరు బ్యాండ్లు కూడా వేశాను. ఫోను పెట్టేసి చూస్తే... డ్రైవరు పళ్ళెంలోనే ఉన్నాడు, బూట్లు ఆరబెట్టుకుంటూ.

ఎంత ఏడుపొచ్చిందో చెప్పలేను. ఇరవై ఏళ్ళ కిట్టు, చచ్చిపోయినాయన చేతిపని, ఒక్క ఫోనుకి బూడిదలో పోసినట్టయింది. ఆ మంటలో చిట్టి వచ్చి పన్ను చూడమంటే కసిరాను. అది మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. "ఒక్క గంట. దేవుడా, నన్నెవరూ కదిలించకుండా ఒక్క గంట నా మొహాన పడేస్తే నీ సొమ్మేం పోయింది?" అని పైకే అన్నాను. గదిలో ఎవరూ లేరు. బామ్ వాసన మాత్రం వచ్చింది. పెట్టెకి అంటుకుని వచ్చి ఉంటుందనుకున్నాను.

రెండో ఆదివారం పళ్ళెం ఖాళీ. చిట్టి తీసిందేమోనని బల్ల కిందంతా వెతికాను. తర్వాత, ఎందుకో, టార్చి వేసి ట్యాంకు ముందున్న సన్నటి సందులోంచి లోపలికి చూశాను.

డ్రైవరు సీట్లో కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ లివర్ల మీద.

మూత అతుకు మీద గోరు ఆనించి నడిపాను. ఎక్కడా గీత తగల్లేదు. నా రబ్బరు బ్యాండ్లు నేను వేసినట్టే ఉన్నాయి. భయం తర్వాత వచ్చింది. ముందు నాకొచ్చింది ఒళ్ళుమంట. వారమంతా నాకు దొరకని టైము నా బల్ల దగ్గర ఎవడికి దొరికింది?

మూడో ఆదివారం పొద్దున్నే ఇంట్లో రభస. మా ఆవిడ టీచరు, ముందు గదిలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. చిట్టిది ఏ సెక్షనో చెప్పండి చూద్దాం అంది. నాకు తెలియలేదు. ట్యాంకుకి ఎన్ని మేకులో మాత్రం తెలుసు కదా అంది. నిజమే, తెలుసు. అందుకే ఇంకా మండింది. రెండింటికి గదిలోకి వెళ్ళి కూర్చున్నానో లేదో డిపో ఫోను. ఇద్దరు డ్రైవర్లు రాలేదు, వచ్చి చార్టు మార్చాలి. ఎవరికీ చెప్పకుండా, పెరటి తలుపులోంచి చెప్పులేసుకుని వెళ్ళిపోయాను. అలిగాను, అంతే. నలభై రెండేళ్ళ వయసులో.

తిరిగొచ్చేసరికి అయిదున్నర. మబ్బు పట్టి ఇల్లంతా మసకగా ఉంది. వీధి గుమ్మంలోంచి నేను రావడం చూసి మా ఆవిడ చేతిలో కలం కింద పడింది.

"మీరు... బయట్నుంచి వస్తున్నారేంటి?"

డిపోకి వెళ్ళానన్నాను.

"నాలుగింటికి టీకి పిలిచాను. ఐదు నిమిషాలన్నారు. ఇందాక కూడా పిలిచాను." గొంతు బాగా తగ్గించింది. "మీ గొంతేనండీ."

చిట్టి ఏదని అడిగాను.

"మీరేగా పిలిచారు. చిన్న వేళ్ళు కావాలి, రామ్మా అని... రెండు గంటలైంది లోపలికెళ్ళి."

పరిగెత్తాను. తలుపుకి లోపల గడియ. తలుపు సందులోంచి బామ్ వాసన గుప్పుమంది. లోపల చిన్న చప్పుడు. గీకుడు... ఆగుతుంది... మళ్ళీ గీకుడు. అంచులు నున్నగా చేసే చప్పుడు. నాకు బాగా తెలిసిన చప్పుడు.

"చిట్టీ!"

గీకుడు ఆగింది.

"ఐదు నిమిషాలు నాన్నా," అంది లోపల్నించి.

మూడో తన్నుకి గడియ ఊడింది. లోపల దీపం లేదు. కటిక చీకట్లో నా కుర్చీలో చిట్టి కూర్చుని ఉంది, చేతిలో పట్టకారు. నావైపు తిరగలేదు. గది మూలల్లోకి నేను చూడలేదు. ట్రంకు పెట్టెల వెనక, పరుపుల వెనక ఏముందో చూడలేదు. దాన్ని రెక్క పట్టుకుని బయటికి లాగాను, తలుపు మూశాను, ఆ రాత్రే రెండు చెక్కలు అడ్డంగా పెట్టి మేకులు దిగ్గొట్టాను. ట్యాంకు, రంగులు, పదిహేనేళ్ళ సామాను, అన్నీ లోపలే. మా ఆవిడ మేకులు ఒక్కొక్కటే అందించింది.

ఇది జరిగి పదకొండు రోజులు. నేను మారిపోయాను. డిపో ఫోను ఎత్తడం లేదు. చిట్టిది బి సెక్షను. బడికి నేనే దింపుతున్నాను, నేనే తెస్తున్నాను. అది ఏమడిగినా ఐదు నిమిషాలు అనే మాట నా నోట రావడం లేదు. అదీ మారింది, కాస్త నెమ్మదించింది. గంతులు లేవు, పేచీలు లేవు. భోజనాల బల్ల ముందు కూర్చోబెడితే కూర్చున్నచోటే ఉంటుంది. పాపం, భయపడిందిలే, పోగా పోగా అదే తేరుకుంటుంది అనుకున్నాం.

ఇవాళ సాయంత్రం మా ఆవిడ కంచాలు పెట్టి, ఎప్పటి అలవాటు చొప్పున, లోపలికి కేకేసింది. చిట్టీ, భోజనానికి రా అని. చిట్టి అప్పటికే నా పక్కన కూర్చుని ఉంది. నేను నవ్వి, ఇక్కడే ఉందిగా అనబోయాను.

వంటింటి పక్క నుంచి, చెక్కలు కొట్టిన తలుపు వెనకనుంచి, సన్నగా...

"ఐదు నిమిషాలమ్మా."

మా ఆవిడ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. నేను లేచి తలుపు దగ్గరికి వెళ్ళాను. చెక్కకి చెవి ఆనించాను. అవతల ఎవరో ఊపిరి పీలుస్తున్నారు, చిన్న చిన్నగా, నా నడుం ఎత్తులో.

"నాన్నా... పన్ను ఊడింది నాన్నా. నీకే ముందు చూపిద్దామని... చేతిలోనే పట్టుకున్నా."

వెనక్కి తిరిగాను. భోజనాల బల్ల దగ్గర చిట్టి చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తోంది. దాని దగ్గరికి వెళ్ళాను. నోరు తెరవమ్మా అన్నాను. తెరిచింది. పైవరసలో ముందు పన్ను అక్కడే ఉంది. వేలు పెట్టి ఊపాను.

కదల్లేదు. చిగురుకీ పన్నుకీ మధ్య గోరు ఆనించి నడిపాను. ఎక్కడా గీత తగల్లేదు.