గౌరీదేవి మూడో వాక్యం

1978 ఆగస్టు 9, బుధవారం. తెల్లవారినప్పట్నుంచీ ముసురు. కార్ఖానా పొగ పైకి పోలేక టాటానగర్ రైల్వే క్వార్టర్ల మీదే కూర్చుంది. ఆ సాయంత్రం పద్నాలుగేళ్ళ గౌరీదేవి నోటుబుక్కు పట్టుకుని తండ్రి పోలరాజు దగ్గరికొచ్చింది. ఇంగ్లీషు టీచరు ఒక మాట ఇచ్చి, అర్థం తెలుసుకుని మూడు సొంత వాక్యాలు రాసుకు రమ్మందట. ఆ మాట 'రెజొనెంట్'.

పోలరాజు చదివింది అయిదో తరగతి. వ్యాగన్ల మీద రాతలు కూడబలుక్కునేంత ఇంగ్లీషు వచ్చు. కానీ చప్పుడు సంగతి అతన్ని అడగాల్సిందే. అతని ఉద్యోగమే అది. స్టేషన్లో బండి ఆగగానే పొడుగు కాడ సుత్తితో చక్రాలన్నీ తట్టుకుంటూ పోవాలి. మంచి చక్రం గణగణమంటుంది. బీట పడ్డది మందంగా పలుకుతుంది. దాని మీద ఎర్ర సుద్దతో గీత గీస్తే బండి కదలదు. ఈ అలవాటు అతన్ని బజార్లోనూ వదిలేది కాదు. సాక్చీ సంతలో కుండలూ పుచ్చకాయలూ తట్టి చూడందే కొనేవాడు కాదు. అంతెందుకు, తన పెళ్ళిలో మామగారు పెట్టిన కంచు పళ్ళేన్ని అందరి ముందూ గోటితో తట్టి, బీట ఉందని వెనక్కిచ్చేశాడు. వెతికితే నిజంగానే ఉంది. మామగారు వేరే పళ్ళెం ఇచ్చాడు గానీ, బతికున్నన్నాళ్ళూ అల్లుణ్ణి 'సుత్తిగారూ' అనే పిలిచాడు.

సరే, పిల్ల సంగతి. తట్టాక లోపల నిండుగా మోగి, కాసేపు నిలిచే చప్పుడని డిక్షనరీలో ఉందంది గౌరి. పోలరాజు ఆ కంచు పళ్ళెమే తెచ్చి మోగించాడు. తర్వాత దాని మీద అరచెయ్యి ఆనించి మళ్ళీ కొట్టాడు.

"మొదటిది నీ మాటే. రెండోది కాదు," అన్నాడు.

ఆనక ఎప్పటిలా పిల్లలిద్దర్నీ బోర్లా తిప్పి వీపులు తట్టాడు. అది ఆ ఇంట్లో ఆట. మూడు తట్లు, ఒక్క క్షణం చెవి ఒగ్గడం, "ఫిట్టు, బండి వదలొచ్చు" అనడం. ఎనిమిదేళ్ళ ఆదిబాబు పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

గౌరి మొదటి వాక్యం రాసింది: మై ఫాదర్స్ వీల్స్ ఆర్ రెజొనెంట్. తండ్రి చేత అక్షరం అక్షరం చదివించింది. మిగతా రెండూ రేపు రాస్తానంది.

తెల్లారేసరికి జ్వరం. ఆదివారానికి పిల్ల ఎగశ్వాసలో పడింది. పోలరాజు డ్యూటీకి చెప్పులేసుకుంటున్నాడు. ఆ వారం మనుషులు తక్కువై రెండు డ్యూటీలు పడుతున్నాయి.

"ఒళ్ళు కాలిపోతంది. ఆస్పత్రికి తీసుకెల్దామా?" అంది భార్య దాలమ్మ.

అతను గౌరిని తిప్పి వీపు తట్టాడు. ఎడమవైపు కింద మందంగా పలికింది. విన్నాడు. విని, ముసురులో ఇనుమైనా బొంగురుగానే పలుకుతుందిలే అనుకున్నాడు.

"ఫిట్టు," అన్నాడు. "రేపు సూద్దుంలే."

ఆ చెవి మీద ఇంట్లో అందరికీ గురి. దాలమ్మ తడిగుడ్డలు మారుస్తూ కూర్చుంది. సోమవారం పొద్దున పోలరాజు ఇంటికొచ్చేసరికి వాకిట్లో జనం.

ఆ తర్వాత అతను చక్రాలు తప్ప ఇంకేదీ తట్టలేదు. కుండలు తట్టి చూడకుండానే కొన్నాడు. ఆదిబాబు ఆటకని బోర్లా పడుకుంటే లేచి బయటికి పోయేవాడు.

నవంబరు వచ్చింది. ఆదిబాబుకు నాలుగు రోజులుగా దగ్గు. మందుసీసా తెచ్చారు, తగ్గుతుందనుకున్నారు. ఆ సాయంత్రం ఏడింటికి దాలమ్మ పక్క క్వార్టరు జోగమ్మ దగ్గరికి మిరియాల కోసం వెళ్ళింది. కరెంటు పోయింది. పోలరాజు వసారాలో లాంతరు వెలిగిస్తున్నాడు. బయట పొడి చలి. యార్డులో ఇంజను ఒకటి ఆవిరి వదిలి ఊరుకుంది.

లోపల్నించి చప్పుడు.

టప్... టప్... టప్.

ఆగింది. ఎవరో చెవి ఒగ్గినంత సేపు ఆగింది. మళ్ళీ మూడు.

అతని చేతిలో అగ్గిపుల్ల వేళ్ళదాకా కాలింది. ఆ తట్టు అతనిదే. ఆ ఆగడమూ అతనిదే. కానీ అతను ఇక్కడున్నాడు.

లాంతరు పట్టుకుని గడప దాటాడు. ఆదిబాబు బోర్లా పడుకుని నిద్రపోతున్నాడు. చొక్కా మెడదాకా పైకి లాగి ఉంది. గదిలో ముసురు వాసన... నానిన బట్టల వాసన. మూడు వారాలుగా చినుకు లేదు.

"గౌరీ?" అన్నాడు గొంతులోనే.

టప్.

వీపు మీద ఏ చెయ్యీ లేదు. చప్పుడు మాత్రం ఎడమవైపు కింద నుంచి వచ్చింది. మందంగా... నీళ్ళు నిండిన కుండలా. ఆ చప్పుడు అతనికి తెలుసు.

ఏదో పడింది. అలమారులో ఉండాల్సిన నోటుబుక్కు కాళ్ళ దగ్గర తెరిచి ఉంది. గౌరి వాక్యం కింద ఎర్రగా, వ్యాగన్ల మీద రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలు. వేలు పెట్టి కూడబలుక్కున్నాడు. మై... బ్రదర్... ఈజ్... నాట్...

చివరి మాట కూడబలుక్కోనక్కర్లేదు. అది గౌరి నేర్పిందే.

జేబు తడుముకున్నాడు. డ్యూటీ సుద్ద ఉంది. కొస తడిగా ఉంది.

పిల్లాణ్ణి భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తాడు. అక్కడి డాక్టరు ఎడమచెయ్యి వీపుకు ఆనించి, కుడిచేతి వేలితో తట్టి చూశాడు. అచ్చం చక్రం తట్టినట్టే. ఊపిరితిత్తికి నీరు పట్టిందనీ, ఇంకొక్క రాత్రి ఆగితే చేతులెత్తేసేవాణ్ణనీ అన్నాడు.

ఆదిబాబు బతికాడు. ఆస్పత్రి వరండాలో దాలమ్మ అడిగింది, నీకెలా తెలిసిందని.

"ఇనిపించింది," అన్నాడు పోలరాజు. "దానిదీ... ఆ దినం ఇనిపించిందే."

దాలమ్మ ఏడవలేదు. పదేళ్ళు అన్నం పెట్టింది. మాట మాత్రం మళ్ళీ పెట్టలేదు. నోటుబుక్కు ట్రంకుపెట్టె అడుగున వేసి తాళం తన మొలకే కట్టుకుంది.

పోలరాజు 1988లో, ఇంకా సర్వీసులో ఉండగానే పోయాడు. రైల్వే సుత్తిని రైల్వే తీసుకుంది. పించను దాలమ్మకొచ్చింది. ఉద్యోగం ఆదిబాబుకొచ్చింది. శ్రీకాకుళం దగ్గరి అరెకరం పోలరాజు తమ్ముడు సూర్యానికి, కంచు పళ్ళెం అతని చెల్లెలు సన్యాసమ్మకు వెళ్ళాయి. గౌరీదేవికి ఏమీ రాలేదు. పోయినవాళ్ళకు వాటా ఎవరేస్తారు.

నోటుబుక్కు ఎవరూ అడగలేదు. పంపకాల రోజు ఆదిబాబే తల్లి దగ్గర తాళం తీసుకుని పెట్టె తెరిచాడు. అక్క రాసిన వాక్యం, దాని కింద ఎర్రది. మూడో వరుసలో ఒకటే మాట ఉంది: మై. తర్వాత ఖాళీ.

వేలితో ముట్టుకున్నాడు. ఎర్రతడి అంటుకుంది.

వంటింట్లో దాలమ్మ దగ్గుతోంది.