నలభైకి తక్కువ

తెల్లవారేసరికి తెప్ప ఒడ్డుకొచ్చింది. కూర్మమ్మ వాకిట్లో కూర్చుని చేపలు ఏరుతోంది. మంచివి బుట్టలో పైకి, నలిగినవి అడుక్కి. ముప్పై ఏళ్లుగా ఊళ్లు తిరిగి అమ్ముతోంది. తన సరుకులో వంక తానే చూపించడం ఆమె ఎరగదు.

గుమ్మంలో కూర్చున్న కూతురు రేఖ ఫోన్ తెరిచి, వచ్చినది రెండుసార్లు చదివింది.

రేఖకు నాలుగో ఏట జ్వరం వచ్చి కుడి చెయ్యీ కుడి కాలూ చచ్చుబడ్డాయి. ఎడమ చేత్తో రాసి డిగ్రీ పాసైంది. ఇప్పుడు ఎమ్మే రెండో ఏడు. హాస్టల్లో పొద్దునా సాయంత్రం ఆమెకు తోడుండే లక్ష్మణమ్మకు జీతం యూనివర్సిటీయే ఇస్తుంది. పీజీ చదివే దివ్యాంగుల కోసం అక్కడ ఒక నిధి ఉంది. అది అందాలంటే సర్టిఫికెట్లో వైకల్యం నలభై శాతమైనా ఉండాలి. పాత సర్టిఫికెట్ గడువు తీరిపోతే, సెలవుల్లో కూర్మమ్మే కూతుర్ని వైద్య శిబిరానికి తీసుకెళ్లింది. కొత్తది ఈ పొద్దు ఫోన్లో వచ్చింది.

"ముప్పై అయిదు ఏశారమ్మా," అంది రేఖ. "ముందు యాభై ఉండేది. ఇంక లక్ష్మణమ్మని ఆపేస్తారు."

కూర్మమ్మ చేతిలో చేప అలాగే ఉండిపోయింది.

"డాక్టరు నన్నడిగితే నువ్వెందుకు మాటాడావు?" అంది రేఖ.

"ఏటి మాటాడాను? నా పిల్ల అన్నీ సేసుకుంటాది బాబూ, ఎవుల మీదా పడదు అన్నాను. నలుగురిలో నిన్ను తక్కువ సేసి సెప్పమంటావేటి?"

చెప్పడమే కాదు. ముందురోజు కూతురి చేతికీ కాలికీ నూనె రాసి, వాకిట్లో పదిసార్లు నడిపించి మరీ తీసుకెళ్లింది. డాక్టరు బాగా నడిచావంటే రేఖ కూడా నవ్వింది. అది ఇప్పుడు గుర్తొచ్చి ఆమెకు కోపం ఇంకా పెరిగింది.

వల దులుపుతున్న తండ్రి ఎర్రన్న తల ఎత్తలేదు. "సేపలమ్మే నోరు. డాక్టరు కాడ మాత్రం ఆగుతాదేటి," అన్నాడు.

"నీ గొప్ప కోసం నా సదువు అమ్మేశావు," అంది రేఖ.

కూర్మమ్మ ఆ రోజు బుట్ట ఎత్తలేదు. తల్లీకూతుళ్లు యూనివర్సిటీకి వెళ్లడానికి ఆమదాలవలసలో పాసింజరు రైలు ఎక్కారు.

యూనివర్సిటీలో ఆ నిధి కాగితాలు చూసేది జ్ఞానానందం అనే గుమాస్తా. రేఖ గోడ పట్టుకుని మెట్లెక్కడం ఆయన ఏడాదిగా చూస్తున్నాడు. కంప్యూటర్ వాళ్ల వైపు తిప్పాడు. ముప్పై అయిదు కొట్టాడు. అది ముందుకు వెళ్లలేదు. మళ్లీ కొట్టినా వెళ్లలేదు.

"నాకు తెలుసమ్మా," అన్నాడు. "నాకు తెలిస్తే చాలదు."

మళ్లీ పరీక్ష చెయ్యమని అర్జీ పెట్టుకోవాలన్నాడు. పిలుపు రావడానికి మూడు నాలుగు నెలలు పట్టొచ్చు. అంతవరకు లక్ష్మణమ్మకు జీతం రాదు. వచ్చాక కూడా ఎంత వేస్తారో తన చేతిలో లేదు. అర్జీ మాత్రం తాను రాసిపెడతానన్నాడు. పిల్ల ఏమేమి చేసుకోలేదో తల్లి ఒక్కొక్కటీ చెప్పాలి.

కూర్మమ్మ బల్ల వైపు చూస్తూ కూర్చుంది. ఆయన కలం పట్టుకుని ఆగాడు.

"జడేసుకోలేదు బాబూ," అంది చివరికి. "లంగా ముడి ఏసుకోలేదు. మెట్టు దిగితే ఎవులో ఒకలు పట్టుకోవాల."

ఒక్కో మాటకీ కూతురి వైపు చూసింది. రేఖ కిటికీ వైపు చూస్తోంది.

"ఇంకా?" అన్నాడాయన.

"కాలేజీకాడ బాత్రూముకి తీసికెల్లే మనిసి లేదని, పొద్దున్నుంచి నీల్లు తాగదు."

రేఖ తిరిగి చూసింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. లక్ష్మణమ్మకు కూడా.

"నీకెవులు సెప్పారు?"

"ఎవులు సెప్తారే. సెలవులకి ఇంటికొచ్చిన మొదటి రెండ్రోజులూ నీకు దాహమే తెలీదు. నానే సెంబట్టుకుని నీ ఎనకాల తిరగాల."

రాస్తున్న కలం ఆగింది. కూర్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇయ్యన్నీ రాసేస్తే నా పిల్లకి ఏటి మిగుల్తాది బాబూ?"

రేఖ కళ్లు నిండాయి. ఎడమ చెయ్యి చాపి తల్లి మణికట్టు పట్టుకుంది.

"సెప్పమ్మా," అంది. "ఇంకా ఉన్నాయి కదా."

ఆయన రెండో కాగితం తీశాడు.