తాతయ్య ఏ కాలువకెళ్లాడు?

"ఇద్దరూ మాట్లాడకుండా ఏడో ఎక్కం చూసి రాయండి," అంది పిడుగు, చేతిలో స్కేలు ఊపుతూ.

పక్కింటి కవలలు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. పలకలు ఒళ్లో పెట్టుకున్నారు. "చూసి రాయడానికి ఎక్కం ఎక్కడుంది టీచర్?" అన్నాడు ఒకడు.

నిజమే. టీచరుకి బోర్డు లేదు. వంటింటి గుమ్మం పక్కన గోడకి ఒక తెల్లబోర్డు వేలాడుతోంది గానీ, అది తాతయ్యది.

ఇంట్లో అందరూ ఆ పిల్లని పిడుగు అనే పిలుస్తారు. బడి రిజిస్టరులో వేరే పేరుంది. ఆ పేరుతో పిలిస్తే ఆమె కూడా రెండోసారికి గాని పలకదు.

తాతయ్య ముప్ఫయ్యేళ్లు బస్సు నడిపాడు. రిటైరయ్యాక ఒక పసుపు రంగు కయాక్ కొనుక్కున్నాడు. ఇద్దరు మనుషులు తేలిగ్గా మోయగలిగే ప్లాస్టిక్ పడవ అది. దాని మీద ఒక్కరే కూర్చుని తెడ్డు వేసుకుంటూ పోవాలి. వానలు తగ్గి, సముద్రం నీళ్లు వెచ్చబడ్డాక రెండు నెలలు సీజన్. పోటు వచ్చినప్పుడు రొయ్యపిల్లలు కాలువల్లోకి కొట్టుకొస్తాయి. వాటి వెనకే పండుగప్ప చేపలు వస్తాయి. వాటి వెనక తాతయ్య వెళ్తాడు. మిగతా పది నెలలూ ఆయన ఆ రెండు నెలల గురించే మాట్లాడతాడు.

అమ్మ పెట్టిన షరతు ఒక్కటే. ఏ కాలువకి వెళ్తున్నాడో, ఎన్నింటికి వస్తాడో బోర్డు మీద రాయకుండా కయాక్ ఇల్లు దాటకూడదు. మడచెట్ల మధ్య ఫోనుకి సిగ్నల్ అందదు మరి.

బడికి సెలవైన ఆ మధ్యాహ్నం కూడా బోర్డు మీద నీలం రంగులో గుండ్రటి అక్షరాలున్నాయి.

"అది తుడవచ్చా?" అంది కవలల్లో ఆడపిల్ల.

"మళ్లీ రాసేస్తాలే," అంది పిడుగు. డస్టరు తీసుకుని బరబరా తుడిచేసింది. ఏం రాసి ఉందో చదవనైనా చదవలేదు.

ఆట మంచి రసపట్టులో పడింది. ఏడో ఎక్కం అయింది, ఎనిమిదో ఎక్కం అయింది, ఒకడు గుంజీలు కూడా తీశాడు. కవలలు వెళ్లిపోయాక పిడుగు బోర్డు శుభ్రంగా తుడిచి, బొమ్మల పుస్తకం పట్టుకుని మంచమెక్కింది. మళ్లీ రాయాలన్న సంగతి ఆమె బుర్రలోంచి ఎప్పుడో ఎగిరిపోయింది.

ఐదున్నరకి అమ్మ కుట్టు షాపు మూసి ఇంటికొచ్చింది. మెళ్లో టేపు ఇంకా తియ్యలేదు.

"తాతయ్య రాలేదా?" అంటూ బోర్డు వైపు చూసింది. "ఇదేమిటే, ఖాళీగా ఉంది. రాయకుండా వెళ్లాడా?"

తుడిచేసిన సంగతి పిడుగుకి అప్పుడు గుర్తొచ్చింది. చెప్పేద్దామనే నోరు తెరిచింది.

"ఏమో అమ్మా. రాయలేదేమో."

చిన్న మాటే. జారిపోయింది. మళ్లీ వెనక్కి తీసుకోవడం ఎలాగో ఆమెకి తెలియలేదు.

ఆరు దాటింది. తాతయ్య జాడ లేదు. అమ్మ కాలు గాలిన పిల్లిలా గుమ్మంలోకీ వీధిలోకీ తిరిగింది. ఫోను చేస్తే ఎంతకీ కలవలేదు. చివరికి వీధి చివర పడవ ఇంజన్లు బాగుచేసే ఇంజన్ మావయ్య దగ్గరికి పరిగెత్తింది. వెనకే పిడుగు.

ఇంజన్ మావయ్య అప్పుడే చేతులు కడుక్కుని అన్నం ముందు కూర్చున్నాడు. సంగతి వినగానే కంచం పక్కకి జరిపి లేచాడు.

"బాబాయ్ ఏ కాలువకెళ్లాడు?"

"అదే తెలీదన్నయ్యా. బోర్డు మీద ఏమీ రాయలేదు," అంది అమ్మ.

"ఉన్నవి మూడు కాలువలు చెల్లెమ్మా. సరే, మూడూ తిరుగుతాను," అని ఆయన తన మోటారు పడవ నీళ్లలోకి తోశాడు.

పిడుగు ఒడ్డున అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడింది. ఇప్పుడు నిజం చెప్పినా కాలువ పేరు తనకి తెలీదు కదా అని తనకి తాను సర్దిచెప్పుకుంది. పడవ దగ్గరి కాలువలోకి వెళ్లి ఒంటరిగా తిరిగొచ్చింది. రాళ్ల కాలువలోకి వెళ్లి ఒంటరిగా తిరిగొచ్చింది. మడ కాలువలోంచి బయటికి వచ్చేసరికి పొద్దు గుంకింది. దాని వెనక తాడు కట్టిన పసుపు కయాక్ కనబడగానే ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది.

తాతయ్య మోకాళ్ల దాకా బురద. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఒక పెద్ద చేప వెనక పిల్లకాలువలోకి దూరాడట. ఈలోగా ఆటు మొదలై నీళ్లన్నీ వెనక్కి లాగేశాయి. కయాక్ బురదలో కూరుకుపోయింది.

"బస్సు దిగబడితే ప్రయాణికులు దిగి తోసేవాళ్లు," అన్నాడు తాతయ్య, అమ్మ అందించిన సీసాలోని నీళ్లు గటగటా తాగి. "ఇక్కడ ప్రయాణికుణ్ణీ నేనే, డ్రైవర్నీ నేనే."

ఎవరూ నవ్వలేదు.

"ముందే తెలిసుంటే అరగంటలో తెచ్చేవాణ్ణి బాబాయ్," అన్నాడు ఇంజన్ మావయ్య. తాతయ్య చెయ్యి పట్టి దింపి, బురద పట్టిన పడవని అలాగే ఒడ్డుకి లాగి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చాక అమ్మ తాతయ్యకి తువ్వాలు అందించింది. తర్వాత మెల్లగా అంది. "నాన్నా, ఇక చాలు. బోర్డు రాయడం మర్చిపోయే మనిషిని నేను నీళ్ల మీదికి ఎలా పంపను?"

"రాసినట్టే గుర్తమ్మా," అన్నాడు తాతయ్య.

"బోర్డు ఖాళీగా ఉంది. పిల్ల కూడా చూసింది."

తాతయ్య పిడుగు వైపు చూశాడు. పిడుగు తన కాలి వేళ్ల వైపు చూసుకుంది.

"మా అన్నయ్యకీ ఇలాగే మొదలైంది," అన్నాడు తాతయ్య. "ముందు తాళాలు మర్చిపోయేవాడు. తర్వాత తన ఇల్లే మర్చిపోయాడు. సరేనమ్మా. ఆదివారం కయాక్ తీసుకుపొమ్మని ఇంజన్ వాడికి చెప్పు. ఎవరికైనా పనికొస్తుంది."

ఆయన కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది పిడుగుకి.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి తాతయ్య వరండాలో ఒక్కడే కూర్చుని వేళ్లు లెక్కపెడుతున్నాడు. "డిపో. గడియారం సెంటర్. పెద్దాసుపత్రి. కూరగాయల మార్కెట్. ఆ తర్వాత..."

"ఏం చేస్తున్నావు తాతయ్యా?"

"నా పాత రూటులో స్టాపులు వరసగా చెప్పుకుంటున్నా. ఇరవై ఆరు ఉండాలి. ఇరవై ఐదే వస్తున్నాయి." ఆయన అరచేతిలో పెన్నుతో ఏదో రాసి ఉంది. పిడుగు తొంగిచూసింది. "స్టవ్ ఆపాను," అని ఉంది.

ఆ రాత్రి అన్నం సహించలేదు పిడుగుకి. ఆ మరుసటి రోజూ అంతే. కంచంలో మెతుకులు అటూ ఇటూ జరిపి లేచింది. నోటి దాకా వచ్చిన మాట, అమ్మ మొహం చూడగానే లోపలికి పోయేది.

ఆదివారం పొద్దున్నే ఇంజన్ మావయ్య వచ్చాడు. కయాక్‌కి ఒకవైపు ఆయన, రెండోవైపు తాతయ్య చెయ్యి వేశారు. అమ్మ వరండాలో నిలబడి చూస్తోంది. తాతయ్య దాన్ని ఎంత శుభ్రంగా తుడిచాడంటే, కొత్తదానిలా మెరుస్తోంది. ఎత్తబోయే ముందు ఒకసారి దాని వీపు నిమిరాడు.

"తీసుకెళ్లొద్దు," అంది పిడుగు.

ముగ్గురూ తిరిగి చూశారు.

"తాతయ్య రాశాడు. నేనే తుడిచేశాను. టీచరాట ఆడుకోవడానికి. తర్వాత అమ్మ అడిగితే..." ఏడుపు అడ్డమొచ్చింది. "రాయలేదేమో అన్నాను."

తాతయ్య కయాక్ వదిలేసి మెట్టు మీద కూలబడ్డాడు.

"నన్ను సముదాయించడానికి చెప్తున్నావా తల్లీ?"

"కాదు తాతయ్యా. 'ఇంటికి చేరేది' అని టైము రాసి కింద రెండు గీతలు కొడతావు కదా. ఆ గీతలు ఎంతకీ పోలేదు. గట్టిగా రుద్దాను. కవలల్ని అడుగు కావాలంటే."

"మళ్లీ చెప్పు."

"నువ్వు రాశావు తాతయ్యా. మర్చిపోలేదు."

తాతయ్య కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత పిడుగుని దగ్గరికి లాక్కున్నాడు. "బతికించావే," అన్నాడు. "మూడు రోజుల్నుంచి నా బుర్ర నాది కాదేమోనని చస్తున్నాను. బతికించావు."

తిట్లు తినడానికి సిద్ధపడి వచ్చింది పిడుగు. ఇలా అవుతుందని అనుకోలేదు. అందుకే ఇంకా గట్టిగా ఏడ్చింది.

అమ్మ మొహం ఎర్రబడింది. "నీతో తర్వాత మాట్లాడతాను," అంది కూతురితో. తర్వాత తండ్రి వైపు తిరిగింది. గొంతు తగ్గింది. "నువ్వు రాశానన్నావు. నేనే నమ్మలేదు నాన్నా." లోపలికి వెళ్లి తెడ్డు తెచ్చి ఆయన చేతికిచ్చింది. "పోటు ఎన్నింటికి?"

"ఇప్పుడే," అన్నాడు తాతయ్య, చిన్నపిల్లాడిలా లేస్తూ. ముందు లోపలికెళ్లి బోర్డు మీద కాలువ పేరు, వచ్చే టైము రాశాడు.

ఒడ్డున కయాక్ నీళ్లలోకి జారింది. అమ్మ చెయ్యెత్తి ఊపింది. ఇంజన్ మావయ్య తన పడవ దగ్గరికి వెళ్లి గట్టు మీద కూర్చుని మోటారు విప్పసాగాడు. ఆ రోజు మడ కాలువలో అంటిన బురద పడవ పక్కలకి పెచ్చులు కట్టి అలాగే ఉంది. ఆయనకి కడిగే తీరికే దొరకలేదు.

పిడుగు కాసేపు దాన్నే చూసింది. ఇంటికి పరిగెత్తి బకెట్, బట్టలుతికే బ్రష్ తెచ్చింది. నీళ్లు ముంచుకొచ్చి పడవ పక్కన గొంతుక్కూర్చుని తోమడం మొదలుపెట్టింది. నల్లటి నీళ్లు ఆమె గౌను మీదికి కారాయి.

"ఎవరు చెప్పారే నీకు ఈ పని?" అన్నాడు ఇంజన్ మావయ్య మోటారు మీంచి తలెత్తి.

"ఎవరూ చెప్పలేదు మావయ్యా." పిడుగు తోమడం ఆపలేదు. "ఆ రోజు నువ్వు అన్నం కూడా తినకుండా వెళ్లావు. నా వల్లే మూడు కాలువలూ తిరిగావు. మా తాతయ్యని తెచ్చిచ్చావు. నీకు థాంక్స్ కూడా చెప్పలేదు నేను."

ఇంజన్ మావయ్య గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుని, ఇంకో బ్రష్ తీసుకుని వచ్చి ఆమె పక్కనే కూర్చున్నాడు.

"అటు చివర బాగా పట్టింది చూడు," అన్నాడు. "అక్కణ్ణుంచి మొదలుపెడదాం."